మట్టికి పోయినోడు

గింత మెత్తగ చెప్తే ఎవనికి ఇనవడ్తది, మాట కడుపుల నుంచి రావాలె గని ముక్కుల నుంచి వస్తే ఎట్ల, మైకును మూతికి ఆనిచ్చుకుంటే గుయ్యిమంటది తప్ప మాట తేటగ రాదు, జానెడు ఎడం ఉండాలె, చెప్పేటోడు ఎవడోగని వానికి నేర్పినోడు లేడు అనుకుంట మల్లేశం అద్దం ముంగట నిలబడి తెల్లంగి గుండీలు పెట్టుకుంటుండు, ఒక గుండీ తప్పు కాజల పడ్డది, మళ్ల ఇప్పిండు, మజీదు మీది హారన్ల నుంచి ఆ ముక్కుగొంతు ఉర్దూల ఇంకా చెప్తనే ఉన్నది, నమాజు యాళ్ల గాకుండ మజీదు మైకు మోగిందంటే ఎవరో పోయినట్టే, జొహర్ నమాజు అయినంక అన్న ముక్కొక్కటి చెవుల పడ్డది, అంటే పగటీలి మట్టి, ఎవరో పాపం, ఎవరైతే ఏంది, ఇయ్యాల మాత్రం ఎవరూ పోవద్దుండె, ఇయ్యాల హైదరాబాదు నుంచి పార్టీ అబ్జర్వర్ సారు వస్తుండు, గెస్ట్‌హౌస్‌ల కూసుంటడు, చుట్టుపక్కల నియోజకవర్గాలల్ల టికెట్ కావాలన్నోళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తడు, పిలిచినప్పుడు ఉన్నోని పేరు పైకి పోతది, లేనోని పేరు ఆడ్నే కొట్టేస్తరు, పదేండ్లాయె మాజీ అనిపిచ్చుకోవట్టి, రెండేండ్లు ఎమ్మెల్యే, పదేండ్లు మాజీ, పెండ్లి కార్డు మీద మాజీ, పంచాదిల మాజీ, మొన్న బ్యాంకుల కొత్తగ వచ్చిన పిలగాడు మాజీ గారూ ఇటు రండి అన్నడు, మాజీయే తన పేరనుకున్నడు వాడు, అవ్వ పెట్టిన పేరు యాడికి పోయిందో అడిగేటోడు లేడు, ఈసారి గెలుస్తడో ఓడుతడో తర్వాతి మాట, టికెట్ వస్తే చాలు, ఆ రెండక్షరాలు ముంగటి నుంచి ఊడి పడితే చాలు.

పెండ్లాం సిద్ధమ్మ చేతులకు పిండి అట్లనే ఉండంగ అర్రలకు వచ్చింది, ఇన్నవా, మైకుల ఖుతుబన్న పేరు చెప్పిన్రు, అన్నది, ఏ ఖుతుబు అన్నడు, తెలిసే అన్నడు, మైకు ఖుతుబే, ఇంకెవరు, అన్నది ఆమె, గుండీ మళ్ల తప్పు కాజలనే పడ్డది, సిద్దిపేటల మైక్ సెట్ ఖుతుబుద్దీన్ అంటే ఎరుకలేనోడు లేడు, జాతరలకు పెండ్లిండ్లకు సీన్మలకు ఓట్లకు అన్నిటికి వాని గొంతే, ఊరందరి సంగతులు చెప్పినోని చావు సంగతి ఎవడో ముక్కుతోని చెప్పవట్టె, పోతవా మరి, అన్నది సిద్ధమ్మ, యాడికి, మట్టికి, నమాజైనంక గదనే, అప్పటిదాంక గెస్ట్‌హౌస్‌ల పని ఒడుస్తది, ఒడువకపోతే, అన్నది, ఇగో ఈమె అడిగే తీరే గంత, పాయసంల ఉప్పురాయి ఏసినట్టు, ఒడుస్తది తీయే అని ఇసిరికొట్టి చెప్పులేసుకున్నడు, ఆమె ఎనుకనుంచి, ఆ కోపం ఇంకెన్నేండ్లు మోస్తవో మొయ్యి, పీనుగ మీద గూడ కోపమేనా, అన్నది, మల్లేశం ఇననట్టే బజారుల పడ్డడు, కోపం గాదు, కోపమైతే రెండేండ్లకో మూడేండ్లకో ఆరుతుండె, అది కోపం గాదు, లెక్క, ఆ గొంతే తనను కుర్చీ మీద కూసోవెట్టింది, ఆ గొంతే దించింది, గదీ లెక్క.

కూసోవెట్టిందన్నది అబద్ధం గాదు, మల్లేశం అనేటోడు ఎవడు గంతకు ముందు, ఏడో తరగతిల బడి బందువెట్టి బాపు ఎంబడి మోటకొట్టి, తర్వాత కరెంటు మోటర్లు బాగుచేసుడు నేర్చి సైకిల్ మీద మిరుదొడ్డి దిక్కు ఊర్లన్ని తిరిగినోడు, యాడ మోటరు కాలిపోయినా పోయేటోడు, యాడ పీనుగ లేచినా పోయేటోడు, ఎందుకంటే బాపు ఒక్కటే చెప్పేటోడు, పెండ్లికి పోకుంటే మాట పడ్తవు బిడ్డా, మట్టికి పోకుంటే మనిషివే గావు, అట్ల పోయి పోయి పాడె పట్టి పట్టి ఎడమ భుజం మీద కాయ గాసింది, ఎనభైమూడుల కొత్త పార్టీ కొత్త మొకాలు కావాలన్నది, ఈ మొకం దొరికింది, మొకమైతే దొరికింది గని మొకానికి మాట లేదు, మైకు ముంగట నిలబడితే మల్లేశం నాలుకె తాలు వడ్లు నమిలినట్టు అయ్యేది, అన్నలారా నన్ను గెలిపియ్యుండ్రి, మీకు మోటర్లు, అని ఆగేటోడు, అప్పుడు జీపు ముంగటి సీట్ల నుంచి ఖుతుబుద్దీన్ మైకు గుంజుకునేటోడు, రెండుసార్లు ఉఫ్ ఉఫ్ అని ఊదేటోడు, ఊదుడే చాలు, ఇండ్లల్ల నుంచి ఆడోళ్లు బయిటికి వచ్చేటోళ్లు, అవ్వలారా అక్కలారా, మీ మోటరు కాలితే నడిజాముల వచ్చినోడు, మీ ఇంట్ల పీనుగ లేస్తే ముంగట భుజం పెట్టినోడు, మల్లేశం వస్తుండు సూసుకోండ్రి, అనేటోడు, మల్లేశం జీపు ఎనుక నిలబడి, ఎవడబ్బా గీ మల్లేశం, నేను గూడ సూడాలె అన్నట్టు ఇనేటోడు, అంత బాగుండేటోడు ఆ మైకుల మల్లేశం.

గెస్ట్‌హౌస్ ముంగట జీపులు కోళ్లగంప ఇప్పినట్టు యాడవడితే ఆడ ఉన్నయి, చుట్టూ కండువలు, ఒకని మీద ఒకని కన్ను, అందరికన్నా ముంగట సుధాకర్, అన్నా రాయే అన్నా, అరే అన్నకు కుర్చీ ఏయిండ్రి రా, పాత ఎమ్మెల్యే సాబ్ నిలబడ్డడు, అన్నడు, పాత అన్నమాట మీద బరువేసి అన్నడో ఎయ్యక అన్నడో తెల్వదు, వీడు ఒకప్పుడు తన సంచి మోసినోడు, అసెంబ్లీ క్యాంటీన్‌ల తనకు ఇడ్లి తెచ్చిపెట్టి తను తిన్నంక మిగిలిన సాంబారు తాగినోడు, ఇప్పుడు కంట్రాక్టరు, మెడల చైను, మూడు జీపుల జనం, తనడిగే టికెట్టే వీడు గూడ అడుగుతుండు, అబ్జర్వర్ సారు పొద్దున వస్తనన్నడట, ఇంకా రాలే, ప్రజ్ఞాపూర్ దాటిండట అని ఒకడు, ఇంక తూప్రాన్ దిక్కే ఉన్నడట అని ఇంకొకడు, ఎండ నెత్తిమీదికి ఎక్కుతుంది, సుధాకర్ పక్కకొచ్చి కూసుని మెల్లగ, ఖుతుబు పోయిండట గదన్నా, నీ మనిషి గద, సూసి రావా, అన్నడు, నీ మనిషి అంటే ఏంది, పదేండ్ల నుంచి తాను వాని దర్వాజ తొక్కలేదని వీనికి ఎరుకలేదా, సూసి రమ్మని ప్రేమకు అంటుండా, ఇక్కడి నుంచి లేపనీకి అంటుండా, పోతే పిలిచినప్పుడు ఉండకపోతిమి, పోకుంటే రేపు తురకబస్తీల సుధాకరే చెప్తడు, మీ ఖుతుబు పోతే గూడ మల్లేశం కుర్చీ ఇడువలేదని, ఎటు తిప్పినా వానికే లాభం, నేర్పింది తనే గద, మట్టికి పోవుడెట్లనో, ఎక్కడ నిలబడాలనో, పోయినోని పెద్దకొడుకు చెయ్యి ఎంతసేపు పట్టుకోవాలనో అన్నీ జీపుల కూసుని వీనికి చెప్పింది తనే, పోరడు సదువుల ఎట్లున్నా గీ సదువు మంచిగ ఒంటవట్టిచ్చుకున్నడు, మల్లేశం కూసున్నడు, లేచిండు, మళ్ల కూసున్నడు, చెప్పుల కాలు నిలుస్తలేదు, ఖుతుబు ఇల్లు ఎంతదూరం, రెండు గల్లీలు, ఇట్ల పోయి అట్ల వస్త, మొకం సూసి, అంతే, కారు వస్తే సప్పుడు ఇనవడదా ఏంది.

గల్లీల కుర్చీలు, తెల్లటోపీలు, గులాబునీళ్ల వాసన, ఖుతుబు తమ్ముడు మజహర్ ఎదురొచ్చి చేతులు పట్టుకుని, రా మల్లేశన్నా, అన్నడు, ఇంకొక్క మాట లేదు, ఎందుకు రాలేదని లేదు, ఎందుకొచ్చినవని లేదు, నడింట్ల తెల్లగుడ్డల ఖుతుబుద్దీన్, మొకం ఒక్కటే బయిట, మూతి కొంచెం తెరిచి ఉన్నది, ఇప్పుడే ఉఫ్ అని ఊదుతడా అన్నట్టు, గడ్డం ఇంత తెల్లగ ఎప్పుడైంది వీనిది, దూదిలెక్క, బజారుల ఎదురుపడితే తను మొకం తిప్పుకునుడే గని గడ్డం దిక్కు సూసిండా ఎన్నడన్న, పర్దా ఎనుకనుంచి హబీబున్నీసా గొంతు, ఎవరు, మల్లేశం భాయేనా, అన్నది, అవు వదినె, అన్నడు, మా దర్వాజ దాటనీకి మీకు పదేండ్లు పట్టె, ఆయన దాటిపోయినంకనే వచ్చిన్రు, అన్నది, ఏడుపుల గూడ ఆమె మాట ఆమె ఇడువలేదు, ఎన్ని రాత్రులు ఓట్లు తిరిగొచ్చి ఈ ఇంట్లనే చాయ తాగిండు, చక్కెర ఎక్కువైంది వదినె అంటే, చేదు మాటలోళ్లకు తీపి ఎక్కువే ఉండాలె అనేది, ఇగ పోదాం, మొకం సూసుడైంది, కారు వచ్చిందేమో, అని మల్లేశం ఇటు తిరిగినోడు తిరిగినట్టే నిలబడ్డడు, ఆ తెరిచిన మూతి కాళ్లు కదలనియ్యలేదు.

ఆ మూతే ఆనాడు పిలిచింది, ఎనభైనాలుగు ఆగస్టు, సర్కారు కూలింది నిలబడ్డది అంటుండ్రు, ఎమ్మెల్యేలను బర్లను దొడ్లె తోలినట్టు హైదరాబాదుల ఒక పెద్ద కాంపౌండుల పెట్టి గేటు మూసిన్రు, బయిటోళ్లు లోపలికి రావద్దు, లోపలోళ్లు బయిటికి పోవద్దు, పొద్దుమాపు తలకాయలు లెక్కవెట్టుడు, ఏ తలకాయ తక్కువైతే అది అవతలోళ్లకు అమ్ముడుపోయినట్టు, పేపర్లు లేవు, ఫోన్లు లేవు, తినుడు, పేకాట, పడుకునుడు, మల్లేశంకు అదంతా జాతర లెక్కనే ఉండె, మంత్రి అయ్యేటోళ్లంత పక్క మంచాలల్లనే పడుకుని గుర్రుపెడుతుంటే తను గూడ పెద్దోడైనట్టే అనిపించేది, మూడోనాడో నాలుగోనాడో వాన, గోడ అవతల ఉఫ్ ఉఫ్ అని ఊదిన సప్పుడు, పేకముక్క చేతులనే ఆగిపోయింది, ఆ ఊదుడు ఎవనిదో తనకు ఎరుకలేదా, ఆ ఎనుకనే గోడలదిరేటట్టు, మల్లేశం సాబ్, నేను ఖుతుబును, గేటుకాడ నన్ను రానిస్తలేరు, మీ బాపు పోయిండు, పీనుగ వాకిట్ల ఉన్నది, మీరు రావాలె, కాంపౌండంతా ఇన్నది, మంత్రులు ఇన్నరు, వంటోళ్లు ఇన్నరు, మిరుదొడ్డి దిక్కు ఊర్లల్ల ఓట్లడిగిన జీపే, ఆ హారన్లే, ఆ గొంతే, తన పేరు ముంగట గన్ని మంచి మాటలు చెప్పిన గొంతు మూడు ముక్కలల్ల చావు చెప్పి ఊకున్నది, మల్లేశం బయిటికొచ్చిండు, జీపెక్కిండు, బాపుకు నిప్పువెట్టిండు, అంతే, ఆ పొద్దు లెక్కల ఒక తలకాయ తక్కువైంది, తండ్రి పేరు చెప్పి అవతలోళ్లను కలిసొచ్చిండని ఎవడో అంటించిండు, సర్కారు నిలబడ్డది, ఏడాది తిరగకముందే మళ్ల ఓట్లొచ్చినయి, పార్టీ టికెట్ ఇంకొకనికి ఇచ్చింది, నమ్మకం లేని మనిషి అన్నరు, మోటర్ల మల్లేశం మీద అనుమానం, అవ్వతోడు, ఆనాటి నుంచి ఒక్కటే మాట మనసుల తిరుగుతుంది, వీడు మైకుల పిలువకుంటే ఏమయ్యేది, ఎవనికో చీటి ఇచ్చి పంపితే ఏమయ్యేది, పదిమంది ముంగట పిలిచిండు కాబట్టి పోవాల్సొచ్చింది, పోకుంటే కొడుకేనా అంటరని పోవాల్సొచ్చింది, గుంజుకపోయిండు వీడు, మైకు తాడేసి గుంజుకపోయిండు, పైంగ ఆ ఓట్లల్ల టికెట్ వచ్చినోని జీపు మీద వీని హారన్లే, వీని గొంతే, అవ్వలారా అక్కలారా అని అవే మాటలు, ఒక్క పేరే మార్చిండు, అడిగితే నవ్వి, మైకు కిరాయిది సాబ్, గొంతు గూడ కిరాయిదే, మనుసొక్కటి ఇంట్ల పెట్టొస్త, అన్నడు, ఆనాడు తిప్పుకున్న మొకం ఇదిగో ఇయ్యాల తిప్పిండు ఇటు.

అన్నా భుజం పెడతవా, అన్నడు మజహర్, నమాజు ఎప్పుడైందో మజీదు మెట్లకాడికి తను ఎట్ల వచ్చిండో మల్లేశంకు సోయి లేదు, పాడె లెక్కటి డోలా లేచింది, జనాజా కదిలింది, ముంగటి కర్ర తన ఎడమ భుజం మీదికి వచ్చి ఆ పాత కాయ మీదనే సరిగ్గ కూసున్నది, ఒకరు కలిమా అందుకుంటే ఎనుక అందరు అంటుండ్రు, ఖుతుబు బరువు లేడు, బక్కోడు, ఆంప్లిఫయరు అంతగూడ లేడు, ఇంతల ఎనుకనుంచి హారన్ కొట్టుకుంట రెండు కార్లు జనాన్ని పక్కకు జరుపుకుంట పోయినయి, అబ్జర్వర్ సారే, పార్టీ జెండా రెపరెప, ఇంక పది నిమిషాలల్ల పిలుసుడు మొదలైతది, గెస్ట్‌హౌస్ దారిలనే గద పోయేది, ఆడిదాంక పట్టి మెల్లగ తప్పుకోవాలె, జనాజాల భుజాలు మారుడే ఆచారం, ఎవరు తప్పుకున్నా తప్పులేదు, ఒకరు ఇడిస్తే ఇంకొకరు పడ్తరు, అనుకుంట బజారుల మలిగిండు, మలిగినంక సూస్తే బజారు బజారంతా లేచి నిలబడ్డది, బట్టలదుకాణం సేటు గద్దె దిగిండు, షట్టర్లు సగం సగం కిందికి దిగుతున్నయి, హోటల్ల చాయగిలాసలు కిందవెట్టి లేస్తుండ్రు, సైకిల్ మీద పోయేటోడు కాలు కిందవెట్టి దిగిండు, తలపాగలు తీస్తుండ్రు, ఎన్నేండ్లాయె గిట్ల బజారు లేవక, ఎనభైమూడుల గెలిచిననాడు లేచింది గిట్లనే, దండలు, గులాలు, లోపల ఏదో బుస్సున పొంగింది, మరిచిపోలేదు వీళ్లు, సిద్దిపేట మరిచిపోలేదు, కుడిచెయ్యి దానంతట అదే లేచి నొసటికాడికి పోయింది, మొకం మీదికి ఆ పాత నవ్వు గూడ వచ్చింది, సేటుకు నమస్తే, హోటలోనికి నమస్తే, అటు ఇటు తలకాయ ఊపుడు, పక్కన నడుస్తున్న ముసలి టైలరు నిస్సార్, తన తెల్లంగీలన్ని కుట్టింది ఆయనే, చెవికాడికి వంగి, చెయ్యి దించు మల్లేశం భాయ్, లేచింది నీకు గాదు, నీ మీదున్నోనికి, అన్నడు, ఎనుక ఎవడో నవ్వు ఆపుకోలేక దగ్గిండు, మల్లేశం చెయ్యి గాలిలనే ఉన్నది, దించితే సిగ్గు, దించకుంటే సిగ్గు, చెవులు కాలినయి, కర్రను రెండుచేతుల పట్టుకున్నడు, భూమి పగిలితే వీని ఖబరులనే తనూ పండుకునేటట్టున్నడు, నిస్సార్ మళ్ల, పోనీ తియ్, ఖుతుబు ఉంటే మస్తు నవ్వుతుండె, మైకుల చెప్పుతుండె గూడ, అన్నడు.

జనాజా గెస్ట్‌హౌస్ మూల మలిగింది, గేటుకాడ జనం, వరండల తెల్లంగి తెల్లపాయింటు సారు కుర్చీల కూసుని మంచినీళ్లు తాగుతుండు, ఆయన చూపు ఇటే ఉన్నది, గంతట్లనే సుధాకర్ చెప్పులిడిసి కండువ నెత్తికి సుట్టుకుని పరుగెత్తుకుంట వచ్చి మల్లేశం ఎనుకనే కర్రకు భుజం ఆనిచ్చిండు, అచ్చం తను నేర్పినట్టే, మొదలు కండ్లు దించుడు, తర్వాత పోయినోని తమ్ముని దిక్కు ఒకసారి సూసుడు, తర్వాత వరండ దిక్కు సగం మొకం, ఇంత ముద్దుగ తను గూడ చేసేటోడా, చూసేటోళ్లకు గిట్లనే అనిపించేదా, అన్నా, అన్నడు సుధాకర్ చెవుల, పిలుసుడు మొదలువెట్టిన్రు, నా పేరైంది, నీ పేరు నాలుగోది, ఇప్పుడే వస్తది, నువ్వు పో, భుజం నేను పడత, పోవే అన్నా, పాపం పదేండ్లు సూసినవు, అన్నడు, పాపం అన్నమాట నిజంగనే అన్నడో ఏమో, గొంతుల కల్తీ దొరకలేదు, నీకేం లాభం రా, అన్నడు మల్లేశం, సుధాకర్ కర్ర కింద భుజం సదురుకుంట, నువ్వు లోపల కూసుంటే నేను బయిట మోస్త, సారు ఇద్దర్నీ సూస్తడు, ఎవనికి ఏది కలిసొస్తదో సూద్దాం, అన్నడు, ఓర్నీ, పీనుగ కింద గూడ లెక్కనే, అయినా వీనిది న్యాయమే, వీడు మోసం చేస్తలేడు, ఉన్నది ఉన్నట్టు చెప్తుండు, మజహర్ ముంగటి నుంచి తిరిగిసూసి, అన్నా పనుంటే పో, ఏమనుకోం, అన్నడు, కళ్లల్ల నీళ్లు తప్ప ఇంకేం లేవు, అందరు పొమ్మంటుండ్రు, పట్టి ఆపేటోడు ఒక్కడు లేడు, మల్లేశం వంగిండు, కర్ర సుధాకర్ భుజం మీదికి జరిగింది, జనాజా ఆగలేదు, తను పక్కకు తప్పుకున్నడు అంతే, ఎవరు ఇడిసినా అది ఆగదు, ఒక్క అడుగు గూడ తడబడలేదు.

గేటుకాడ నిలబడ్డడు, భుజం ఖాళీ, ఇంతసేపు బరువు లేడనుకున్నోడు దిగినంక భుజం మీద ఏదో లేనట్టు చల్లగ అనిపిస్తుంది, వరండ మెట్ల మీద పార్టీ ఆఫీసు మనిషి కోర్టుల బంట్రోతు లెక్క చెయ్యి నోటికి అడ్డంపెట్టి, మాజీ ఎమ్మెల్యే మల్లేశం గారూ, అని పిలిచిండు, అగో, పదేండ్ల నుంచి దేనికోసం చెవులు కోసుకున్నడో గది ఇనవడ్డది, వస్తున్న అనాలె, చెయ్యి ఖాళీ భుజం మీదికి పోయింది, మాజీ ఎమ్మెల్యే మల్లేశం గారున్నరా, అన్నడు ఆ మనిషి, చుట్టుపక్కల కండువలోళ్లు అటు ఇటు సూస్తుండ్రు, మల్లేశం గూడ సూసిండు, ఎవడబ్బా గీ మల్లేశం, పోతడా పోడా అన్నట్టు, బజారు దిక్కు కలిమా సప్పుడు సన్నగయితుంది, గేటు ఇనుపకడ్డీ చేతికి తాకింది, చల్లగ, ఆ చల్లదనం చేతికి ఎరుకే, ఆనాటి కాంపౌండు గేటు గూడ గిట్లనే వానకు తడిసి చల్లగుండె, ఆనాడు గేటుకాడ పార్టీ పెద్దమనిషి ఒకాయన గొడుగు పట్టుకుని అడ్డం నిలబడ్డడు, ఇన్నేండ్లల్ల ఆ మనిషి ఒక్కసారి గూడ మతికి రాలేదు, రాకుండ ఎట్ల దాచుకున్నదో మనసు, మల్లేశం, మంచు పెట్టిద్దాం, మీ నాయినను రెండుదినాలు ఉంచుదాం, ఓటింగు కానీ, ఇప్పుడు పోతే మళ్ల నిన్నెవడు నమ్మడు, నీ బతుకు ఈ గేటుకాడనే ఒడిసిపోతది, మంచిగ ఆలోచించుకో, అన్నడు ఆయన, ఉన్నది ఉన్నట్టే చెప్పిండు పాపం, ధర ముంగటనే చెప్పిండు, తను ఆలోచించుకోలేదు, జర జరుగు సారూ అన్నడు, ఆయన జరగకుంటే గొడుగును పక్కకు నూకి, గడియ తనే గుంజి, గేటు తనే తెరిచి, వానల బయిటికి పోయిండు, జీపుకాడ ఖుతుబుద్దీన్, వద్దంటే చెప్పు సాబ్, నేను ఒక్కన్నే పోయి మట్టిపని నడిపిస్త, మీరు ఉండుండ్రి, అన్నడు గూడ, తను జీపుల కూసుని, నడుపు, అన్నడు, గంతే, ఒక్క ముక్క, పదిమంది ఏమనుకుంటరో అని గాదు, కొడుకేనా అంటరని గాదు, ఓట్లకు గాదు, ఆ ఒక్కనాడు ఎవడు సూస్తుండో తను సూడనేలేదు.

మల్లేశం గారు లేరా, లేరు సార్, అని మెట్ల మీది నుంచి లోపలికి చెప్పిండు ఆ మనిషి, లేనట్టే ఇంకొక పేరు పిలిచిండు, జనాజా మూల దాటుతుంది, తోక కనవడుతుంది, మల్లేశం గేటు ఇడిసిండు, పరుగుగాదు, నడకే, ముంగట భుజాలు నిండుగున్నయి, ఇంకొక భుజం పట్టేంత జాగ లేదు, పిలిచేటోడు లేడు, పొమ్మన్నోళ్లే అందరు, అయినా పోతుండు, బజారుల లేచినోళ్లు మళ్ల కూసుంటుండ్రు, షట్టర్లు పైకి లేస్తున్నయి, తను నడుస్తుంటే ఎవడూ లేవలేదు, చెయ్యి గూడ లేవలేదు, పదేండ్లు ఒకని మీద మోపిన నేరం ఎంత తప్పుడుదో ఇప్పుడు ఎవనికి చెప్పుకుంటడు, ఖుతుబుద్దీన్ గుంజుకపోలేదు, పిలిచిండు అంతే, పోయింది తనే.